సంతకం పెడతానంటున్నారు, పాఠం మాత్రం చెప్పనివ్వడం లేదు

ప్రశ్న

టీచర్ ట్రైనింగ్ చివరి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది. దేశం, కాలేజీ, స్కూలు ఆనవాళ్లు తీసేసి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె సబ్జెక్టు లెక్కలు. ఎక్స్ఛేంజ్ కార్యక్రమం కింద నాలుగు వారాల టీచింగ్ ప్రాక్టీస్‌కి వేరే దేశంలోని ఒక స్కూలుకి వెళ్లారు. సెలక్షన్‌కి పోటీ గట్టిగానే జరిగింది. ప్రయాణం ఖర్చులకి ఇంట్లో అప్పు చేశారు. ఇప్పుడు సగం గడువు అయిపోయింది. ఏడో తరగతికి భిన్నాలు చెప్పాలి. పిల్లలకి ఇంగ్లిష్ అంతంత మాత్రం. అక్కడి భాష ఈమెకు రాదు.

“మా మెంటార్ టీచర్ చాలా మంచావిడ. రోజూ తన కారులోనే స్కూలుకి తీసుకెళ్తారు. కానీ క్లాసులో నేను ఒక వాక్యం చెప్పగానే ఆవిడ అందుకుంటారు. అనువాదం అంటారు గానీ పాఠం మొత్తం ఆవిడే చెప్పేస్తారు. ఒకరోజు 1/3 పెద్దదా, 1/4 పెద్దదా అని అడిగాను. పిల్లలు ఆలోచిస్తుండగానే మేడమ్ ప్రశ్నతోపాటు జవాబు కూడా చెప్పేశారు. ఇంకోరోజు బోర్డు మీద భాగహారం వేస్తుంటే పిల్లలు గుసగుసలు, నవ్వులు. మేడమ్ లేచి వచ్చి నేను వేసింది తుడిచి మళ్లీ వేశారు. ఆ రోజు వాష్‌రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను.”

క్లాసులు తక్కువ, కార్యక్రమాలు ఎక్కువ అని కూడా రాశారు. అసెంబ్లీలో మాట్లాడమంటారు, పాడమంటారు, పోటీలకి జడ్జిగా కూర్చోమంటారు. పిల్లలు సెల్ఫీలకి ఎగబడతారు. సొంతంగా చెప్పిన పూర్తి పీరియడ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. రికార్డులో చూపించాల్సినవేమో బోలెడు. ఆ మాట మెంటార్‌తో అంటే, “దానికేం, నేను సంతకం పెట్టేస్తాను, టెన్షన్ పడకు” అన్నారట. పరిశీలన పత్రాల్లో అన్ని గళ్లలోనూ ‘ఎక్సలెంట్’ అనే ఉంటోంది, ఒక్క వ్యాఖ్య లేదు. వేరే స్కూల్లో చేస్తున్న రూమ్మేట్‌కి మాత్రం రోజూ క్లాసులు దొరుకుతున్నాయి.

“ఇంటికి ఫోన్ చేస్తే అంతా బ్రహ్మాండంగా ఉందనే చెబుతున్నాను. సంతకం ఒప్పుకోనా? కోఆర్డినేటర్‌కి చెప్పనా? చెబితే మేడమ్ బాధపడతారు, వచ్చే ఏడాది మా జూనియర్లకి ఈ స్కూలు దక్కకపోవచ్చు. లేకపోతే ముందే తిరిగి వచ్చేయనా? అసలు నేను టీచర్‌గా పనికొస్తానా?”

ఉత్తరం మధ్యలో ఇంకో సంగతి ఉంది. వెనక బెంచీ కుర్రాడొకడు. కాగితాన్ని మూడు ముక్కలు చేయమంటే చేశాడు, కానీ మూడూ మూడు సైజుల్లో. అందులో ఒకటి పైకెత్తి ఇదే 1/3 అన్నాడట. “వాడి పక్కన కూర్చుని సరిచేద్దామనుకునేలోపు గంట కొట్టారు” అని రాశారు.

జవాబు

ముందు మీ మెంటార్ వైపు నుంచి చూద్దాం. ఆవిడని వెనకేసుకు రావడానికి కాదు. ఆవిడ ఎందుకలా చేస్తున్నారో తెలియకుండా ఆవిడతో ఏం మాట్లాడాలో మీకు తేలదు.

ఆ క్లాసు ఆవిడది. నాలుగు వారాలు కాగానే మీరు విమానం ఎక్కేస్తారు. భిన్నాల దగ్గర పిల్లలు తికమకపడితే ఆ ముడి విప్పాల్సిందీ, పరీక్షలో మార్కులు తగ్గితే సంజాయిషీ చెప్పుకోవాల్సిందీ ఆవిడే. పైగా ఆవిడ వృత్తి అనువాదం కాదు, టీచింగ్. ఏళ్ల తరబడి ఒకే పాఠం చెప్పిన మనిషిని ఒక్క వాక్యం అనువదించమంటే, దాని వెనకే మిగతా పాఠమంతా నోట్లోంచి వచ్చేస్తుంది. ఆపుకోవడం కష్టం. అలా ఆపుకోవాలని ఆవిడకి ఎవరైనా చెప్పారా అన్నది కూడా అనుమానమే. చాలా స్కూళ్లలో మెంటార్ బాధ్యత ఒక సర్క్యులర్ రూపంలో వచ్చి నెత్తిన పడుతుంది. ట్రైనీని ఎలా చూసుకోవాలో విడిగా ఎవరూ నేర్పరు.

ఇక అసలు చిక్కు. అక్కడ మీరు అతిథి, మీరే ట్రైనీ కూడా. అతిథికి శ్రమ ఇవ్వకూడదు, తప్పులు ఎత్తిచూపకూడదు, నలుగురికీ గొప్పగా పరిచయం చేయాలి, వెళ్లేటప్పుడు చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపాలి. ట్రైనీకి కావాల్సింది దీనికి పూర్తిగా తిరగేసి: పని అప్పజెప్పాలి, తడబడనివ్వాలి, తడబడిన చోటు చూపించాలి. మీ మెంటార్ మీకు మొదటి రకం మర్యాద లోటు లేకుండా చేస్తున్నారు. కారులో తీసుకెళ్లడం, గళ్ల నిండా ‘ఎక్సలెంట్’, అడగకముందే సంతకం, ఇవన్నీ ఆ ఒక్క మర్యాదే. మీకేమో అందులో కొంత నచ్చుతోంది, కొంత ఊపిరాడనివ్వడం లేదు. మీరు నోరు తెరిచి చెబితే తప్ప ఆవిడకి ఆ తేడా తెలిసే దారి లేదు. మీరు మర్యాద కొద్దీ నవ్వుతూ ఉంటే, అంతా బాగుందనే ఆవిడ అనుకుంటారు.

ఆ భాగహారం రోజు సంగతి విడిగా మాట్లాడుకోవాలి. ఉత్తరంలో మీరు ఎక్కువ గాయపడింది అక్కడే. నా అంచనా ఏమిటంటే, మీ లెక్క తప్పని ఆవిడ తుడవలేదు. లెక్కలు ప్రపంచమంతా ఒక్కటే గానీ వాటిని రాసే తీరు ఒక్కటి కాదు. ఫ్రాన్స్, రష్యా లాంటి చోట్ల భాజకాన్ని విభాజ్యానికి కుడిపక్కన రాసి, భాగఫలాన్ని దాని కింద వేస్తారు. జర్మనీలో భాగహారానికి రెండు చుక్కలు పెడతారు, మనం నిష్పత్తికి వాడే గుర్తు అది. అదే జర్మనీలోనూ, ఇండోనేషియా, బ్రెజిల్ లాంటి దేశాల్లోనూ దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు. మనం 2.5 అని రాసేది వాళ్ల పుస్తకంలో 2,5. కొన్ని చోట్ల 7 అంకెకి నడుమున అడ్డగీత కూడా ఉంటుంది. మీరు అలవాటు కొద్దీ మీ పద్ధతిలో వేసి ఉంటారు. పిల్లలకి అది తలకిందులుగా కనిపించి నవ్వొచ్చింది. పిల్లలు కంగారుపడతారని టీచర్‌కి భయమేసి లేచారు. ఒక్క మాట మీతో చెప్పి తుడిచి ఉంటే బాగుండేది. ఆ మాత్రం ఆవిడ చేయాల్సింది.

దీనికి మందు మీ చేతిలోనే ఉంది. ఏడో తరగతి పిల్లల నోటుబుక్కులు ఒకట్రెండు అడిగి తీసుకుని ఒక సాయంత్రం కూర్చోండి. భాష రాకపోయినా లెక్కలు చదవగలరు. భాగహారం ఎలా వేస్తున్నారు, మిశ్రమ భిన్నాన్ని ఎలా రాస్తున్నారు, సమాధానం కింద గీత గీస్తారా, గడి కడతారా, ఇవన్నీ చూసి మీ లెసన్ ప్లాన్‌లో అదే తీరు వాడండి. పాఠానికి ముందు రోజు ఆ ప్లాన్ మెంటార్‌కి చూపించి, “బోర్డు మీద ఇలాగే రాస్తాను, ఇందులో మీ పిల్లలకి కొత్తగా అనిపించేది ఏమైనా ఉందా?” అని అడగండి. బోర్డు మీద ఏం రాబోతోందో ముందే తెలిసిన మనిషి క్లాసు మధ్యలో లేవాల్సిన పని అంతగా పడదు.

ఇప్పుడు ఆవిడతో మాట్లాడే విషయం. ముందున్న దారుల్లో మొదట పట్టాల్సింది ఇదే అని నాకనిపిస్తోంది. అలాగని ఇది తప్పకుండా ఫలిస్తుందని కాదు. కారులోనో, స్టాఫ్ రూమ్‌లో పదిమందిలోనో మాట్లాడకండి. స్కూలు అయిపోయాక పావుగంట టైమ్ అడగండి. “మీరు నన్ను చెప్పనివ్వడం లేదు” అని మొదలుపెడితే ఎంత నెమ్మదిగా అన్నా అది ఫిర్యాదే అవుతుంది. “వచ్చే సంవత్సరం నేను ఒంటరిగా క్లాసులో నిలబడాలి. మీరు పక్కన ఉండగానే తప్పులు చేసి దిద్దుకోవాలని ఉంది” అనే అర్థం వచ్చేలా చెప్పండి. ఇందులో అబద్ధం లేదు. ఆవిడ పెద్దరికానికీ లోటు రాదు.

తర్వాత అడగాల్సింది చిన్నదిగా, స్పష్టంగా ఉండాలి. ‘ఎక్కువ అవకాశం ఇవ్వండి’ అంటే ఎవరికైనా ఏం చేయాలో తోచదు. రేపటి పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు మీవి, అంతసేపూ ఆవిడ వెనక బెంచీలో కూర్చుంటారు, మీరు చెయ్యెత్తి పిలిస్తేనే అనువదిస్తారు. అంతే అడగండి. అది సాఫీగా జరిగితే ఎల్లుండి ఇరవై నిమిషాలు, ఆ పై వారం పూర్తి పీరియడ్. ఇలా మెట్టుమెట్టుగా అడిగితే ఆవిడకీ ధైర్యం వస్తుంది, మీకూ వస్తుంది. మొత్తం పీరియడ్ ఒక్కసారిగా మీ చేతిలో పడితే మీరెంత తడబడతారో మీకు తెలియంది కాదు.

వెనక కూర్చున్న మనిషికి చేతిలో పని ఉండాలి. ఖాళీగా కూర్చోబెడితే అయిదో నిమిషంలో లేచి వస్తారు, టీచర్ల లక్షణమే అది. జపాన్‌లో ‘జుగ్యో కెంక్యూ’ అనే పద్ధతి ఉంది. కొందరు టీచర్లు కలిసి ఒక పాఠం తయారుచేస్తారు, ఒకరు చెబుతారు, మిగతావాళ్లు గోడ వెంట నిలబడి పిల్లల్నే గమనిస్తూ రాసుకుంటారు. పాఠం నడుస్తుండగా కలగజేసుకోరు, చర్చ అంతా తర్వాతే. మీరు అంత పెద్ద ఏర్పాటు చేయక్కర్లేదు. ఒక కాగితం మీద క్లాసు సీటింగ్ బొమ్మ గీసి మెంటార్ చేతిలో పెట్టండి. ఎవరు నోరు విప్పారు, ఎవరు విప్పలేదు, ఎవరు పక్కవాడి నోటుబుక్‌లోకి చూశారు అన్నవి గుర్తులు పెట్టమనండి. క్లాసయ్యాక ఆ కాగితం చూస్తూ మాట్లాడుకుంటే ‘ఎక్సలెంట్’ అనే మాటకి చోటుండదు. మిమ్మల్ని విమర్శించడానికి మొహమాటపడే మనిషికి పిల్లల గురించి మాట్లాడటం సులువు, మీకు కావాల్సిన విమర్శ ఆ మాటల్లోనే దొరుకుతుంది.

అనువాదం గురించి కొంచెం లెక్క వేయండి, మీ సబ్జెక్టే కదా. ప్రతి వాక్యం రెండుసార్లు పలికితే నలభై నిమిషాల పీరియడ్‌లో మీకు మిగిలేది ఇరవై. అంటే మీ లెసన్ ప్లాన్ సగానికి కత్తిరించాల్సిందే. మీరు కత్తిరించడం లేదేమో, అందుకే ఆఖరికి ఆవిడ పరుగెత్తించి ముగించాల్సి వస్తోందేమో చూసుకోండి. పాఠంలో అనువాదం నిజంగా అవసరమైన చోట్లు మూడు: ఈరోజు ఏం చేయబోతున్నాం, ఇప్పుడు మీరు చేయాల్సిన పని ఏమిటి, చివరికి ఏం తేలింది. మిగతాదంతా బోర్డు, కాగితం ముక్కలు, బొమ్మలు, మీ చేతులు చెబుతాయి. భిన్నాలు అందుకు బాగా అనువైన పాఠం కూడా. ఒకే పొడవున్న రెండు కాగితం పట్టీలు తీసుకుని ఒకటి మూడుగా, ఇంకొకటి నాలుగుగా మడిచి పక్కపక్కన పెడితే 1/3, 1/4 గొడవ ఏ భాష వాడికైనా కళ్లతోనే తేలిపోతుంది. 4 పెద్ద అంకె కాబట్టి 1/4 పెద్దదనుకునే పిల్లలు ప్రతి దేశంలోనూ ఉంటారు. వాళ్ల కళ్లెదుట ఆ పట్టీలు ఉండాలి, మీరు నోరు మూసుకుని ఆగాలి.

ఆ ఆగడమే కష్టం. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు 1970లలో సైన్సు క్లాసుల రికార్డింగులు విని ఒక సంగతి పట్టుకున్నారు. టీచర్లు ప్రశ్న వేశాక సుమారు ఒక్క సెకను మాత్రమే ఆగి, మళ్లీ తామే మాట్లాడేస్తున్నారు. కనీసం మూడు సెకన్లు ఆగిన చోట పిల్లల జవాబులు పొడవయ్యాయి, అంతకుముందు నోరెత్తని వాళ్లూ మాట్లాడారు. సొంత భాషలో పాఠం వినే పిల్లల సంగతే అది. రాని భాషలో విన్నవాళ్లకి ఇంకా ఎక్కువ కావాలి. మీ మెంటార్ జవాబు చెప్పేసింది ఆ నిశ్శబ్దం భరించలేకే. ముందే చెప్పుకోండి: “ఈ ప్రశ్న తర్వాత పదిదాకా లెక్కపెట్టుకుంటాను, అంతవరకు ఇద్దరం మాట్లాడొద్దు.” ప్రశ్నని అక్కడి భాషలో ఒక అట్ట మీద ఆవిడ చేతే రాయించి ఉంచుకుంటే, అడగాల్సినప్పుడు అట్ట పైకెత్తితే చాలు. పిల్లలు జవాబు వాళ్ల భాషలోనే చెప్పనివ్వండి. మీకు అర్థం కాకపోయినా బోర్డు దగ్గరికి వచ్చి చూపించమంటే అర్థమవుతుంది.

ఇంత చేసినా ఆవిడ మారకపోవచ్చు. సరేనంటారు, మర్నాడు మళ్లీ అదే. అప్పుడు పూర్తి క్లాసు కోసం పోట్లాడకుండా చిన్న గుంపు అడగండి. మైక్రో టీచింగ్ కాలేజీలో చేసే ఉంటారు. 1960లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో దాన్ని మొదలుపెట్టినప్పుడు పద్ధతి ఇదే: కొద్దిమంది పిల్లలు, కొద్ది నిమిషాలు, ఒక్క నైపుణ్యం, వెంటనే ఫీడ్‌బ్యాక్, అదే పాఠం మళ్లీ ఇంకో గుంపుకి. లెక్కల్లో వెనకబడిన ఏడెనిమిది మందిని రోజూ ఒక అరగంట మీకు వదిలేయమంటే మెంటార్ సంతోషంగా ఒప్పుకునే అవకాశమే ఎక్కువ, ఆవిడకి భారం తగ్గుతుంది కాబట్టి. ఇందులో లోటు ఏమిటంటే, మీ రికార్డులో ఇది పూర్తి పీరియడ్‌గా లెక్కకి రాకపోవచ్చు. లాభం ఏమిటంటే, కాగితాన్ని మూడు సైజుల్లో చింపిన ఆ కుర్రాడు ఈ గుంపులోనే ఉంటాడు.

అదే తరగతికి ఇంకో సెక్షన్ ఉంటే, మెంటార్ మొదటి సెక్షన్‌కి చెప్పిన పాఠాన్నే రెండో సెక్షన్‌కి మీరు చెబుతానని కూడా అడగవచ్చు. పాఠం ఎలా సాగాలో ఆవిడ చూపించేశారు కనుక ఆవిడకి నిశ్చింత. మీకు సొంత పాఠం కాదన్న వెలితి ఉంటుంది. ఉండనివ్వండి.

సంతకం దగ్గరికి వద్దాం. వద్దు. దీని మీద నాకు రెండో ఆలోచన లేదు, కానీ ఎందుకో చెప్పాలి. చెప్పని పాఠాలకి సంతకం తీసుకుంటే ఆ కాగితం అబద్ధం ఆడుతుంది, కింద మీ ఇద్దరి పేర్లూ ఉంటాయి. ఎప్పుడైనా మీ సూపర్‌వైజర్ స్కూలు టైమ్‌టేబుల్ పక్కన పెట్టుకుని చూస్తే, తలవంచాల్సింది మీరొక్కరే కాదు, మీ మీద ప్రేమతో పెన్ను తీసిన ఆవిడ కూడా. అలా జరగకపోయినా, ఆ రికార్డు చూసి ‘ఈ అమ్మాయి ఇన్ని క్లాసులు చెప్పింది’ అని నమ్మి మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకునేవాళ్లు, లేని అనుభవాన్ని మీ నుంచి ఆశిస్తారు. జూనియర్ల గురించి బెంగపడుతున్నారు కదా. మీ రికార్డు నిండుగా కనిపిస్తే వచ్చే ఏడాది వాళ్లనీ ఇదే ఏర్పాటుకి పంపిస్తారు, వాళ్లూ అసెంబ్లీలో పాటలు పాడి వస్తారు.

జరిగింది జరిగినట్టు రాస్తే ఏమవుతుందో కూడా చూద్దాం. అబ్జర్వేషన్ అని ఒక వరుస, మెంటార్‌తో కలిసి చెప్పినవి ఒక వరుస, సొంతంగా చెప్పినవి ఒక వరుస, చిన్న గుంపుతో చేసినవి ఒక వరుస. తేదీ, పాఠం, నిమిషాలు. ఈ ఎక్స్ఛేంజ్‌లలో మొదట్లో క్లాసులు దొరక్కపోవడం చాలావరకు ఏర్పాటులో భాగమే. ఆగ్నేయాసియా విద్యామంత్రుల సంస్థ సీమియో నడిపే ‘సీ టీచర్’ కార్యక్రమాన్నే తీసుకోండి. ఉండేది నెల రోజులు. అందులో ముందు పరిశీలన, తర్వాత సాయం చేయడం, ఆ తర్వాతే సొంత బోధన. మీ కార్యక్రమం నియమాల పత్రం ఒకసారి తీసి చదవండి. కలిసి చెప్పిన క్లాసులు లెక్కకి వస్తాయేమో అందులోనే ఉండొచ్చు. తక్కువైనవి ఇంటికి వచ్చాక ఇక్కడి స్కూల్లో పూర్తి చేయనిస్తారా అన్నది మీ సూపర్‌వైజర్‌ని ఇప్పుడే అడగాలి. తిరిగొచ్చాక అడిగితే అది సాకులా వినిపిస్తుంది, అక్కడ ఉండగానే అడిగితే బాధ్యతలా. చెడ్డ పక్షంలో ఏమవుతుంది? కొన్ని వారాలు అదనంగా ప్రాక్టీస్ చేయాల్సి రావొచ్చు, క్లాస్‌మేట్స్ కంటే కాస్త వెనక ఫలితం రావొచ్చు. చిరాకే, కానీ తట్టుకోగలిగింది.

మెంటార్‌తో ఆ మాట ఎలా చెప్పాలి? “మీ మంచితనం నాకు తెలుసు. చెప్పనివాటికి సంతకం తీసుకుంటే మా కాలేజీలో ఒప్పుకోరు, చెప్పినవాటికి మాత్రం రెండు వాక్యాలు రాసివ్వండి” అనండి. నియమం మీద తోసేయడం పిరికితనం కాదు, ఎదుటివాళ్ల మొహం చిన్నబుచ్చకుండా ఉండే పద్ధతి.

కోఆర్డినేటర్‌కి చెప్పడం తప్పు కాదు. ఎవరికి, ఏ రూపంలో అన్నదాంట్లోనే ఉంది. ఫిర్యాదుగా మీ కాలేజీకి రాస్తే అది అక్కడి విశ్వవిద్యాలయానికి, అక్కడి నుంచి హెడ్మాస్టర్‌కి, ఆయన నుంచి మీ మెంటార్‌కి చేరుతుంది. ఒక్కో మెట్టు దిగేసరికి ఒక్కో కొమ్ము మొలుస్తుంది. చివరికి, రోజూ కారులో తీసుకెళ్తున్న ఆవిడ చెవిన పడేది ‘ఆ అమ్మాయి మీ మీద కంప్లైంట్ ఇచ్చింది’ అనే. అదే మీరు స్థానిక కోఆర్డినేటర్‌కి, “మిగిలిన రెండు వారాలకి నేను చెప్పాల్సిన పీరియడ్లు, కార్యక్రమాలు కాగితం మీద ఖాయం చేయగలరా? మా కాలేజీ రికార్డుకి కావాలి” అని రాస్తే అది టైమ్‌టేబుల్ విన్నపం. పని జరుగుతుంది, ఎవరి మీదా వేలు పడదు. రాసే ముందు మెంటార్‌కి చెప్పి రాయండి, వీలైతే ఆవిడనే కలిపి రాయండి. మెంటార్‌తో మాట్లాడిన రెండు మూడు రోజులకీ మార్పు లేకపోతే మాత్రం మొహమాటం పక్కనపెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మీ దగ్గరున్న గడువు చిన్నది. మూడో వారం ఆఖర్లో చెబితే ఎవరూ ఏమీ చేయలేరు.

కార్యక్రమాలన్నింటినీ కాదనకండి. ఏదో ఒకటి ఒప్పుకుని, బదులుగా ఒక పీరియడ్ అడగండి. ‘మీ దేశం గురించి చెప్పు’ అన్నప్పుడు లెక్కలే చెప్పొచ్చు. మనం 12,34,567 అని కామాలు పెట్టేదాన్ని చాలా దేశాల్లో మూడేసి అంకెలకి ఒకటి చొప్పున 1,234,567 అని పెడతారు. కామాలు జరిగితే సంఖ్య మారుతుందా అని అడిగి చూడండి, హాలంతా వాదించుకుంటుంది. ఇక సెల్ఫీలు. పిల్లల మొహాలు కనిపించే ఫొటోలు మీ పేజీలో పెట్టి ఉంటే స్కూలు అనుమతి ఉందో లేదో ఈరోజే కనుక్కోండి, లేకపోతే తీసేయండి. ఈ విషయంలో చాలా దేశాల్లో స్కూళ్లు గట్టిగా ఉంటాయి.

రూమ్మేట్‌తో పోలిక మానేయమని చెబితే మీరు మానరు, నాకు తెలుసు. ఒక్కటి మాత్రం కనుక్కోండి: తను క్లాసు చెబుతుంటే ఆ టీచర్ గదిలో ఉంటున్నారా? చాలాచోట్ల అర్హత పూర్తికాని ట్రైనీకి క్లాసు పూర్తిగా వదిలేయకూడదు, బాధ్యత రెగ్యులర్ టీచర్‌దే. రోజూ క్లాసులు దొరకడం, వాటిని ఎవరూ చూడకపోవడం జంటగా జరుగుతుంటాయి. తనకీ మీతో చెప్పుకోవాల్సిన బాధ ఉందేమో.

ముందే తిరిగి రావడం గురించి. వేధింపు, అనారోగ్యం, ఉండే చోట భద్రత లేకపోవడం, వీటిలో ఏదైనా ఉంటే రెండో మాట లేకుండా వచ్చేయమనేదాన్ని. మీ ఉత్తరంలో అవేవీ కనిపించలేదు. కనిపించకుండా దాచి ఉంటే దయచేసి ఇంట్లో ఒకరికైనా చెప్పండి. అవి లేనప్పుడు మధ్యలో వచ్చేస్తే ప్రాక్టీస్ మొత్తం లెక్కలోకి రాకుండా పోవచ్చు, ఇచ్చిన సాయం వెనక్కి కట్టమనొచ్చు, టికెట్ మార్పుకి మళ్లీ డబ్బు. ఇంటి అప్పు గురించి మీరే రాశారు. ఇంకొకటి, మీరున్న సమయం కూడా చూసుకోండి. నార్వే సామాజికవేత్త లిస్‌గార్డ్, అమెరికా వెళ్లి వచ్చిన స్కాలర్లని పలకరించి 1955లో రాసిన దాని ప్రకారం, పరాయిచోట మనసు మొదట ఉత్సాహంగా ఉండి, మధ్యలో కిందకి జారి, మళ్లీ పైకి లేస్తుంది. ఈ గీత అందరికీ ఇలాగే ఉండదని తర్వాతి పరిశోధకులు తేల్చారు, కాబట్టి మూడో వారం అదే లేస్తుందని నేను మాట ఇవ్వను. సగం గడువు దగ్గర, ఏడ్చిన వారంలో, టికెట్ మార్చుకునే నిర్ణయం తీసుకోవద్దని మాత్రం అంటాను. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ‘బ్రహ్మాండం’ బదులు ‘కష్టంగా ఉంది, చూసుకుంటున్నాను’ అనండి. వాళ్లు అప్పు చేసి పంపింది మీరు నటించడానికి కాదు కదా.

టీచర్‌గా పనికొస్తానా అన్న ప్రశ్నకి ఎవరూ ఉత్తరం చదివి జవాబు చెప్పలేరు. అయినా ఒకటి గమనించాను. ఫ్రాన్సెస్ ఫుల్లర్ అనే పరిశోధకురాలు ట్రైనీ టీచర్ల దిగుళ్లని పరిశీలించి 1969లో రాశారు. మొదట్లో దిగులంతా తమ గురించే: పిల్లలకి నచ్చానా, మెంటార్ ఏమనుకుంటున్నారు, బోర్డు దగ్గర నవ్వులపాలయ్యానా. పిల్లవాడికి అర్థమైందా అన్న దిగులు తర్వాతెప్పుడో వస్తుంది. మీ ఉత్తరంలో తొంభై పాళ్లు మొదటి రకమే, మీ దశలో అది మామూలే. కానీ ఆ వెనక బెంచీ కుర్రాడి గురించి రాసింది రెండో రకం. మూడు ముక్కలు చేయడం వాడికి తెలుసు, మూడూ సమానంగా ఉండాలని తెలియదు. వాడి తప్పు ఎక్కడుందో మీరు కచ్చితంగా పట్టుకున్నారు, అదీ వాడి భాష రాకుండానే. అంత రద్దీలో అది కంటపడటం చిన్న విషయం కాదు.

మరుసటి వారం టైమ్‌టేబుల్ చాలా స్కూళ్లలో వారం చివర్లోనే ఖాయమైపోతుంది. కాబట్టి వరస ఇలా పెట్టుకోండి: నోటుబుక్కులు ఈ సాయంత్రమే అడిగి తీసుకోండి, మెంటార్‌తో ఆ పావుగంట రేపు, రికార్డు గురించి మీ సూపర్‌వైజర్‌కి మెయిల్ రేపు రాత్రి లోపు. మెయిల్‌లో మెంటార్ ప్రస్తావన అక్కర్లేదు. ఇప్పటిదాకా జరిగిన క్లాసుల వరసలు, మిగిలిన రోజులు, మీరు అడిగే ఒక్క ప్రశ్న, అంతే చాలు.